విస్తళ్లు లెక్కపెట్టేవాళ్లు

మా రోజుల్లో బడికి పై అధికారి అంటే ఒక్కరే. డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు. ఏడాదికోసారి, కోతలయ్యాక ఎప్పుడో, బస్సు దిగి కాలవగట్టున నడుచుకుంటూ వచ్చేవారు. ఆయన బయల్దేరారని పక్కూరి మాష్టారు ఎవరిచేతో కబురు పంపేవాడు. ఆ కబురుతో గోడలకి సున్నం పడేది, పిల్లల తలలకి నూనె పడేది. ఆయన కుర్చీలో కూర్చుని, మూడో తరగతి వాణ్ణి లేపి పదమూడో ఎక్కం అప్పజెప్పమనేవారు. ఐదో తరగతి పిల్ల చేతిలోంచి వాచకం తీసుకుని, తనకి తోచిన పేజీ విప్పి, చదువమ్మా అనేవారు. చదివితే తల ఊపేవారు. చదవకపోతే చీవాట్లు పిల్లకి కాదు, మాకు. వెళ్లేముందు విజిట్ బుక్కులో అరపేజీ రాసి సంతకం పెట్టేవారు. మళ్లీ ఏడాది దాకా ఆ అరపేజీయే మాకు శాసనం. హాజరు పట్టీ, అడ్మిషన్ రిజిస్టరు, స్టాకు రిజిస్టరు, జీతాల బిల్లులు అన్నీ కలిపి ఒక ట్రంకు పెట్టెలో పట్టేవి.

ఇప్పుడా పెట్టె ఎవరి చేతిలో చూసినా ఫోనైపోయింది. బరువు మాత్రం తగ్గలేదు.

ఇది ఒక్కరోజులో జరగలేదు. 1985లో అప్పటి ముఖ్యమంత్రి రామారావు గారు సమితులు తీసేసి మండలాలు పెట్టారు. 300 పైచిలుకు సమితులున్న చోట 1,000కి పైగా మండలాలొచ్చాయి, మండలానికో విద్యాధికారి, అదే ఎంఈఓ, వచ్చాడు. దగ్గర్లో అధికారి ఉంటే మంచిదే కదా అనుకున్నాం. ఆ రోజుల్లోనే బ్రిటిష్ వాళ్ల సొమ్ముతో ఒక పథకం వచ్చింది. పిల్లలు చేసిన పని గోడలకి వేలాడదీయమన్నారు, రంగుకాగితాలిచ్చారు. అదీ బాగానే ఉంది. 1996 ప్రాంతంలో డీపీఈపీ అని ఇంకో పథకం అన్నారు. దాంతోపాటే డైస్ అని ఒక ఫారం వచ్చింది: ఎన్ని గదులు, ఎన్ని తలుపులు, ఎన్ని నల్లబల్లలు. నింపాం. 2001లో సర్వశిక్షా అభియాన్ మొదలైంది, నేను రిటైరయ్యే నాటికి కాగితం వేగం అందుకుంది. 2018లో అన్నీ కలిపి సమగ్ర శిక్ష చేశారు. కలిపినప్పుడు కుర్చీలు తగ్గుతాయనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు ఈ దేశంలో.

వేళ్లు మడిచి చూడండి. బళ్లో హెచ్ఎం. ఆయన పైన స్కూల్ కాంప్లెక్స్ హెచ్ఎం. పక్కన సీఆర్పీ. మండలంలో ఎంఈఓ, ఆంధ్రాలో అయితే ఈమధ్య రెండో ఎంఈఓ కూడా వచ్చాడు. అక్కడే ఎంఐఎస్ కోఆర్డినేటరు, డేటా ఎంట్రీ కుర్రాడు. ఆ పైన డివైఈఓ, డీఈఓ. వీళ్లకి సమాంతరంగా సమగ్ర శిక్ష ఆఫీసు, అందులో ప్రణాళికకో సెక్టోరల్ ఆఫీసరు, ఆడపిల్లల చదువుకొకరు, ప్రత్యేక అవసరాల పిల్లలకొకరు. ఆ పైన రాష్ట్ర కార్యాలయం సంగతి నాకు తెలియదు, తెలుసుకునే ఓపికా లేదు. వీళ్లలో చెడ్డవాళ్లు లేరు. సగంమంది నా దగ్గర చదువుకున్నవాళ్లే, ఎదురుపడితే చెప్పులు విడిచి నమస్కారం పెడతారు. కాకపోతే, భోజనాల బంతిలో వడ్డించేవాడు ఒక్కడే, విస్తళ్లు లెక్కపెట్టేవాళ్లు పదిమంది అయితే ఎలా ఉంటుందో, బడి ఇప్పుడలా ఉంది. లెక్క తప్పితే తిట్లు తినేది కూడా ఆ వడ్డించేవాడే.

మధ్యాహ్నం గుడ్డు పెట్టామని ఫొటో. పంతులు వచ్చాడని మొహం ఫొటో. ఆంధ్రాలో కొన్నాళ్లు మరుగుదొడ్డి శుభ్రంగా ఉందని కూడా రోజూ ఫొటో తీసి పంపించారు, ఎమ్మెస్సీ బీఈడీలు చేసిన మాష్టార్లు. యాప్‌లు మరీ ఎక్కువయ్యాయని గోల పెడితే, అన్నీ కలిపి లీప్ అని ఒకే యాప్ చేశామన్నారు. మంచిది. వంద గదుల ఇంటికి ఒకే వీధి తలుపు పెట్టినంత మాత్రాన ఊడ్చేవాడి పని తగ్గుతుందా?

నా గొడవంతా గుడ్డు గురించి కాదు. మా పక్క హైస్కూల్లో ఒక పాత సైన్సు గది ఉంది. అందులో భవిత కేంద్రం పెట్టారు. చూపు ఆననివాళ్లు, వినపడనివాళ్లు, చేతులూ కాళ్లూ స్వాధీనంలో లేనివాళ్లు, బుద్ధి నెమ్మదిగా వికసించేవాళ్లు, మండలంలో ఉన్న అలాంటి పిల్లలందరికీ అదే దిక్కు. అక్కడ పనిచేసే అమ్మాయి ఐదో తరగతి దాకా నా దగ్గరే చదువుకుంది. ప్రత్యేక విద్యలో బీఈడీ చేసింది. కాంట్రాక్టు ఉద్యోగం. సాయంత్రం వాకింగు పేరుతో నేనా గదిలో కూర్చుంటుంటాను కాబట్టి ఈ ఘోష నాకు చెవులారా వినిపిస్తుంది.

పిల్లాడు రాగానే చదువు మొదలవదు. ముందు వాడెవడో తేలాలి. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల ప్రశస్త్ యాప్‌లో క్లాసు టీచరు ప్రశ్నలకి టిక్కులు పెట్టాలి. తర్వాత వైకల్య ధ్రువపత్రం కోసం సదరం క్యాంపు. తేదీ దొరకాలి, దొరికిన రోజున ఆ డాక్టరుండాలి. తర్వాత యూడీఐడీ కార్డు. యూడైస్‌లో పేరు, అందులో పదకొండంకెల పెన్ నంబరు, ఇప్పుడు దానిమీద పన్నెండంకెల అపార్ ఐడీ. వీటన్నిట్లోనూ పేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. మస్తిష్క పక్షవాతం ఉన్న ఒక పిల్లాడి పిడికిలి విప్పుకోదు. వేలిముద్ర పడదు. మినహాయింపుందట, దానికి వేరే దరఖాస్తు. వాడి నాన్న రెండు కూలీలు పోగొట్టుకుని తిరుగుతున్నాడు. దేనికోసం? అలవెన్సు పడటానికి బ్యాంకు ఖాతా కావాలి గనక. సమగ్ర శిక్షలో ఇలాంటి పిల్లాడికి ఏడాది మొత్తానికి లెక్కగట్టింది 3,500 రూపాయలు. ఆడపిల్లయితే నెలకి 200 స్టైపెండు. ఆ 200 ఎవరికి చేరాయో చూసే వాళ్ల జీతాల లెక్క ఎవరైనా వేశారా అని నేనడిగితే మా భవిత టీచరమ్మాయి, “మీరు గట్టిగా మాట్లాడకండి మాష్టారూ, వీడియో కాన్ఫరెన్సు ఆన్‌లో ఉంది” అంది.

ఇక అసలుది, వ్యక్తిగత విద్యా ప్రణాళిక. అందరూ ఐఈపీ అంటారు. ఒక్కో పిల్లాడికి ఒక్కో ప్రణాళిక. ఈ ఆలోచన నాకు నచ్చుతుంది, అబద్ధమెందుకు. పిల్లాడికేం వచ్చు, ఏం రాదు, మూడు నెలల్లో ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి. దీనికోసం మద్రాసులో ఎప్పుడో తయారుచేసిన ఒక పట్టిక ఉంది: 18 విభాగాలు, ఒక్కోదాన్లో 20 చొప్పున 360 అంశాలు. అన్నం కలుపుకోవడం దగ్గర్నుంచి డబ్బులు లెక్కపెట్టడం దాకా, వచ్చిందా రాలేదా అని గుర్తులు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ వాళ్లు కూడా ఇలాంటి పట్టికలు తయారుచేశారు. చేసినవాళ్లు పిల్లల పక్కన కూర్చుని చేశారని చదవగానే తెలుస్తుంది. ఓపికున్న టీచరు చేతిలో పడితే అంతకంటే మంచి పనిముట్టు లేదు. ఆ ఓపికకి సమయం మిగలాలి, అదీ చిక్కు. పిల్లలందరి ఐఈపీలూ ఫలానా తేదీలోగా అప్‌లోడు చెయ్యాలని వాట్సాప్‌లో వస్తుంది. పక్కన ఎర్ర గుర్తు, అర్జెంటు అని. అప్పుడేమవుతుంది? ఒకడి ప్రణాళిక రాసి, పేరు మార్చి, నలుగురికి పెడతారు. ఆ నలుగురిలో ఒకడికి చూపు లేదు, వాడి లక్ష్యాల్లో ‘రంగులు గుర్తించుట’ ఉంటుంది. పై ఆఫీసులో ఎవరూ చదవరు కనక ఎవరూ అడగరు. అంకె పడింది, నూరు శాతం పచ్చరంగు వచ్చింది, అయిపోయింది.

మా రోజుల్లో ప్రణాళిక లేదు. మాకున్నదల్లా పిల్లలు. పోలియో వచ్చి కాళ్లు చచ్చుబడిన కుర్రాణ్ణి తోటివాళ్లు భుజాన వేసుకుని తీసుకొచ్చేవారు. వాడిని ఎవరు మొయ్యాలన్న దానిమీద పొద్దున్నే కొట్లాట, ఎందుకంటే మోసినవాళ్లకి ఆలస్యమైనా దెబ్బలుండవు. వినపడని పిల్ల ఒకర్తి, మొదటి వరసలో నా పెదాలు చూస్తూ కూర్చునేది. నేను మీసం పెంచితే దానికి పెదాలు కనపడటం లేదని పక్కపిల్ల చెబితే మీసం కత్తిరించుకున్నాను. ఏ ఫారం చెప్పలేదు నాకా సంగతి.

ఇలా చెప్పుకుంటూ పోతే కళ్లనీళ్లు పెట్టుకునే పాఠకులుంటారు. ఆగండి. బడికొచ్చిన వాళ్ల సంగతి ఇది. రానివాళ్లు? మా ఊళ్లో ఒకరింటి వెనక వసారాలో పదేళ్లు దాటిన పిల్లాడొకడు ఉన్నాడని, వాడు పోయాక పాడె కడుతుంటే చాలామందికి తెలిసింది. వాడి పేరు ఏ అడ్మిషన్ రిజిస్టర్లోనూ లేదు. డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు పదమూడో ఎక్కం అడిగారు గానీ, ఊళ్లో బడికి రాని పిల్లలెవరు అని ఏనాడూ అడగలేదు. ఇంకొకడు సంతలో దూడల బేరం, వడ్డీతో సహా, నోటితోనే తేల్చేసేవాడు. వాచకం ఇస్తే ‘బ’కీ ‘భ’కీ తేడా తెలియక చెమటలు పట్టేవి. ఆ రోజుల్లో చాలా బళ్లలో అలాంటివాడికి చేసే మూల్యాంకనమంతా ఒక్క మాట: మొద్దు. ఆ మాట పడిన ఏడాదిలోగా వాడు గేదెల వెనక ఉండేవాడు. 1995 చట్టంలో వైకల్యాలు ఏడు, అందులోనూ వాడికి చోటు లేదు. 2016 చట్టం వాటిని 21 చేసింది. చదువుకోవడంలో వచ్చే ఆ ప్రత్యేకమైన ఇబ్బందికి అప్పుడు చోటు దొరికింది. కాబట్టి మా కాలం బంగారం, ఈ కాలం ఇత్తడి అని నేననను. ఆ రిజిస్టర్లో పేరెక్కించిన కాగితాన్ని నేనేమీ అనను. పేరెక్కాక మనిషి ఎక్కడున్నాడన్నదే నా పేచీ.

మా రెండో అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. దాని కొడుక్కి మాటలు ఆలస్యం. నేనక్కడున్న రోజుల్లోనే వాడి ఐఈపీ మీటింగు జరిగింది. నాకు ఇంగ్లీషొచ్చని కాదు, ఇంట్లో ఒక్కణ్ణీ వదిలెయ్యలేక వెంటబెట్టుకెళ్లింది. బల్లచుట్టూ జనం! క్లాసు టీచరు, ప్రత్యేక విద్య టీచరు, మాటలు నేర్పే ఆవిడ, పరీక్షల ఫలితాలు విడమరచి చెప్పే ఆవిడ, డిస్ట్రిక్టు తరఫున ఒకాయన. అక్కడ దాన్ని ఐఈపీ టీమ్ అంటారు. ప్రణాళిక చూస్తే మన జమాబందీ లెక్కంత మందం. నాలో ఉన్న పాత పంతులు లేచాడు. “ఇదేంటే తల్లీ, అక్కడా ఇక్కడా ఒకటే రోగం!” అన్నాను. అది నవ్వి, “నాన్నా, ఆ పేజీ చూడు” అంది. వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున స్పీచ్ థెరపీ అని రాసి ఉంది. “ఇది వాళ్లు రాసిచ్చింది. ఇవ్వకపోతే నేను అడగొచ్చు. నచ్చకపోతే సంతకం పెట్టను. అవసరమైతే విచారణకి వెళ్తాను” అంది.

అక్కడ నాకు విషయం అర్థమైంది. ఆ కాగితం తల్లి వైపు తిరిగి ఉంది. ఇక్కడ మనది ఆఫీసు వైపు తిరిగి ఉంది.

అలాగని అమెరికాలో అంతా సుఖమని కాదు. 1975 దాకా అక్కడ కూడా పది లక్షల మందికి పైగా పిల్లల్ని వైకల్యం ఉందని బడి గడప తొక్కనివ్వలేదు. ఆ ఏడాది నవంబరులో చట్టమొచ్చింది. ఇప్పుడు దాన్ని ఐడియా అంటున్నారు. ఐఈపీ పుట్టిల్లు అదే. ఫోర్డు అనే అధ్యక్షుడు సంతకం పెడుతూనే సణిగాడు: ఇది మనం ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువ వాగ్దానం చేస్తోంది, ఇందులో ఖరీదైన పాలనా నిబంధనలు మరీ చిక్కుగా ఉన్నాయి అని. ఆయన సణుగుడు నాకు నచ్చింది, మావాడే అనిపించింది. పిల్లాడికయ్యే సగటు ఖర్చులో 40 శాతం దాకా కేంద్రం ఇస్తుందని చట్టంలో రాసుకున్నారు. ఇన్నేళ్లలో ఆ 40 శాతం ఏనాడూ పూర్తిగా ఇవ్వలేదు. కాగితం పని మరీ ఎక్కువైందని 2004 సవరణలో 15 రాష్ట్రాల దాకా తగ్గించి చూడొచ్చన్నారు. అయినా అక్కడి టీచర్లు ఇప్పటికీ కాగితాలు కాగితాలని మొత్తుకుంటూనే ఉన్నారు. అంటే ఫారం పెరగడం ఏ ఒక్క దేశం జబ్బూ కాదు. తేడా ఎక్కడంటే, అక్కడ ఆ ఫారం చివర తల్లి చేతిలో ఒక హక్కు మిగులుతుంది. ఇక్కడ డేటా ఎంట్రీ కుర్రాడి దగ్గర ఒక అంకె మిగులుతుంది.

మరి హక్కు మన దగ్గర లేదా అంటే, ఉంది. చట్టాలున్నాయి, కోర్టు కూడా చెప్పింది. 2021లో సుప్రీంకోర్టు ఒక లెక్క చెప్పింది: ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక టీచరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు. పోస్టులెన్ని కావాలో తేల్చి ప్రకటించండి అని 2025 మార్చిలో అదే కోర్టు రాష్ట్రాలకి మళ్లీ చెప్పాల్సి వచ్చింది. పదిమందికొకరట! మా భవిత టీచరమ్మాయి ఈ మాట చదివి ఫోను పక్కన పెట్టి, మండలం మ్యాపు వైపు చూసి ఊరుకుంది. యాప్‌లు పుట్టడానికి నెల పడుతుంది, పోస్టు పుట్టడానికి సుప్రీంకోర్టు రెండుసార్లు చెప్పాలి. ఈ రెండు వేగాల మధ్య తేడాని ఎవరైనా కొలిచి ఏదైనా డ్యాష్‌బోర్డు మీద పెడితే చూడాలనుంది నాకు.

వారంలో ఒకరోజు ఆ అమ్మాయి ఇళ్లకి వెళ్తుంది. మంచం దిగలేని పిల్లల దగ్గరికి. ఆ రోజు నాకిష్టం, ఎందుకంటే ఆ ఇళ్లలో సిగ్నలు సరిగ్గా ఉండదు. ఒకసారి స్కూటరు వెనక కూర్చుని నేనూ వెళ్లాను. మెడ నిలపలేని పిల్లాడు. వాడి వీపు వెనక రెండు దిళ్లు పెట్టి, మెడకి ఎక్కడ ఆనిక పెట్టాలో వాళ్లమ్మకి చూపించింది. చేతిలో చెంచా పెట్టి, తన చెయ్యి వాడి చెయ్యి మీద వేసి, నోటి దాకా తీసుకెళ్లింది. సగం ఒలికింది. మళ్లీ. మళ్లీ. గంటసేపు అదే పని. బయటికొచ్చి తలుపు దగ్గర నిలబడి ఫొటో తీసుకుంది, లొకేషను పడాలి గనక. ఆ ఫొటోలో పిల్లాడు లేడు, గుమ్మం ఉంది, తేదీ ఉంది, అక్షాంశ రేఖాంశాలున్నాయి. ఆ తర్వాత సంచిలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్కు తీసి రాసుకుంది. ఏమిటమ్మాయ్ అని లాక్కుని చూశాను. “చెంచా తానే రెండుసార్లు ఎత్తాడు. ఎడమవైపు తిప్పితే మెడ నిలుస్తోంది. పాలకన్నా పెరుగన్నం తేలిగ్గా మింగుతున్నాడు.” పిల్లాడికొక పుస్తకం, వారం వారం రాసింది. నాకు తెలిసిన ప్రణాళిక అంటే అదీ. ఇది ఎవరడిగారే అంటే, “ఎవరూ అడగలేదు మాష్టారూ, అందుకే బాగా రాయగలుగుతున్నాను” అంది. ఆ పేజీ వాళ్లమ్మకి చదివి వినిపిస్తుందట. ఆవిడకి చదువు రాదు గానీ, పోయిన నెల పెరుగన్నం గురించి ఏం రాశారో చదవమని తనే అడుగుతుందట.

మొన్న ఎంఈఓ ఆఫీసుకి పనిమీద వెళ్లి ఈ మాట చెప్పాను. పెన్షనరు మాట ఎవరు వింటారు, కానీ ఎంఈఓ కుర్రాడు కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. నేనడిగింది పెద్దదేం కాదు. ఐఈపీ ఇంగ్లీషులో ఎనిమిది పేజీలు అప్‌లోడు చెయ్యొద్దు. తెలుగులో ఒక్క పేజీ రాయించండి. మూడు నెలల్లో ఏం నేర్పుతాం, వారానికి ఎన్ని గంటలు, ఎవరు వస్తారు, ఏ రోజు వస్తారు. ఒక కాపీ తల్లికివ్వండి, అడిగే హక్కు నీకుందని అందులోనే రాయండి. ఆ రోజు ఎవరూ రాకపోతే ఆవిడ మీకే ఫోను చేస్తుంది, మీకు వేరే యాప్ అక్కర్లేదు. సెక్టోరల్ ఆఫీసర్ల కుర్చీల్లో ఒక్కటి తీసి భవితలో వెయ్యమని కూడా అన్నాను, అది మాత్రం ఆయన వినపడనట్టు ఊరుకున్నాడు.

“మీరన్నది బాగుంది మాష్టారూ, కానీ యాప్‌లో తల్లికి కాపీ ఇచ్చే ఆప్షన్ లేదు” అన్నాడు.

“ఆప్షన్ లేకపోతే కార్బన్ పేపరు పెట్టి రాయించండి. మా ఇంట్లో ఇంకా నాలుగు షీట్లున్నాయి, పంపిస్తాను” అన్నాను.

నవ్వాడు. అందులో అంత నవ్వాల్సిందేముందో నాకు అర్థం కాలేదు.